గేటు నంబరు రెండు

ఇరవై రెండేళ్ల ఆలివ్ గ్రీన్ విప్పి
ఏజెన్సీ వాళ్ల నీలం చొక్కా తొడిగాను.
జబ్బ మీద మూడు పట్టీలుండే చోట
ఇస్త్రీ మడత ఒకటి.

దొనకొండ పాత రన్‌వే పక్కన
డిఫెన్సు స్టోర్సు కంచె.
రైఫిలు లేదు. టార్చి, విజిలు,
దారంతో పెన్ను కట్టిన రిజిస్టరు.

పొద్దున జీపులో కుర్ర కెప్టెన్ వచ్చాడు.
చెయ్యి దానంతటదే లేచింది.
"నువ్విప్పుడు సివిలియన్‌వి దస్తగిరీ"
సూపర్‌వైజర్ మాట సగం దారిలో గుర్తొచ్చి
కణత గోక్కున్నాను.
కార్డు అడిగాను. జేబులన్నీ తడుముకున్నాడు.
ఆ ఒక్క నిమిషం
ఆ గేటు దగ్గర నాకంటే పెద్దోడు లేడు.

రాత్రి రెండింటికి
సర్కారు తుమ్మల్లో అలికిడి.
"థమ్! కౌన్ ఆతా హై?"
కుప్వారాలో అరిచిన గొంతే,
తుప్పు పట్టలా.

"నేనేనయ్యా, పోలమ్మని.
చూలు మేక కంచె దూరింది, కోప్పడబాక."

టార్చి వెలుగులో దొరికింది,
తడి ఆరని పిల్లని నాకుతా.
పిల్లని కొంగులో చుట్టి, తల్లిని తోలుకుంటా
గేటు దాటిందామె.

రిజిస్టరు తెరిచాను.
లోనికి: మేక, ఎర్రది, ఒకటి.
బయటికి: రెండు.
సంతకం కింద అలవాటుగా
పాత ఆర్మీ నంబరు పడింది.
అదీ లెక్క తప్పే.
ఉండనిచ్చాను.