పంతొమ్మిది రోజులు

ఎర్రగడ్డ మెట్రో మెట్ల నుంచి మా గేటు దాకా
తొమ్మిది వందల నలభై అడుగులు.
ఒక బంద్ రోజున లెక్కపెట్టాను.
అయినా రోజూ ఆటోకి ముప్పై రూపాయలు.

ఎవరైనా అడిగితే మోకాలు అంటాను.
మోకాలికేం, గుండులా ఉంది.
కీళ్లవాతం ఫుట్‌పాత్‌కి:
మందుల షాపు ముందు పుట్టి
ట్రాన్స్‌ఫార్మర్ కంచె దగ్గర పోతుంది.
మళ్లీ లేచేసరికి నడుమెత్తు,
దాని మీద జనరేటర్, ఆ పక్కన మరిగే బజ్జీల మూకుడు,
ఇంకాస్త ముందు మూత లేని మ్యాన్‌హోల్‌లో
ఎవరో దయగలవాళ్లు గుచ్చిపోయిన వేపకొమ్మ.

రోడ్డు మీదికి దిగితే
వీపున హారన్లు, మడమ వెనక బైకు టైరు.
భుజాలు ముడుచుకుని, బ్యాగు గోడవైపు మార్చుకుని
అడుగడుక్కీ ఎవరికో సారీ చెప్తున్నట్టు.

ఏప్రిల్‌లో పైపులు వేస్తామని రోడ్డు తవ్వారు.
రెండు చివరలా బారికేడ్లు. బండ్లు బంద్.
మొదటి రోజు అందరం తిట్టాం.
రెండో రోజు మట్టి మీద రేకులు పరిచారు.
మూడో సాయంత్రం
నాలుగేళ్లుగా బాల్కనీలో గొంతు మాత్రమే అయిన
ఖైరున్నీసా ఆపా
వాకర్ పట్టుకుని రోడ్డు నడిమధ్యన!
"పైకెల్లి చూస్తె పొట్టి అనుకున్న,
బాగనే పొడుగున్నవు కదనే" అంది నన్ను చూసి.

ట్యూషన్ పిల్లలు గుంతలోకి తొంగి
"లోపలంత ఎర్రగుంది, అందుకే ఎర్రగడ్డ!" అని తేల్చేశారు.
ఇస్త్రీ సమ్మయ్య మడతల మూట భుజానేసుకుని
ఈల వేస్తూ ఇల్లిల్లూ తిరిగాడు.
ఎదురు ఫ్లాటాయన పేరు విఠల్‌రావని,
నడిస్తే ఆయనకి కూనిరాగం వస్తుందని
పన్నెండో రోజున తెలిసింది.
హారన్‌కి తప్ప దేనికీ తప్పుకోని వాళ్లం
రాలిన కానుగపూలకి తప్పుకుని నడిచాం.

ఇరవయ్యో రోజు తారు పోశారు,
నల్లగా, నున్నగా, పలకలా.
బండ్లు మునుపటికన్నా జోరుగా వచ్చాయి.
ఫుట్‌పాత్ మాత్రం ఎస్టిమేట్‌లో లేదట.

వేపకొమ్మ ఎండిపోయింది, ఎవరో కొత్తది గుచ్చారు.
ఆటో నలభై అడిగాడు.
గేటు దగ్గర దిగి తలెత్తాను.
బాల్కనీలోంచి ఆపా చెయ్యి ఊపింది.

మళ్లీ పొట్టిగా కనపడుతున్నానేమో
ఆమెకి.