నలభై మూడు గళ్ళు

సంతరోజు పొద్దున్నే ఎతేటె దగ్గర
ముప్పై గుడ్లు కొన్నాను.
పగుళ్ళు లేనివి, నిన్నో మొన్నో పెట్టినవి.
తినడానికి కాదు.
కొట్టి, వడగట్టి, ఆకుపచ్చ రంగు కలిపి
గాజు గొట్టాల్లో ఏటవాలుగా గడ్డకట్టిస్తాం.
క్షయ క్రిమికి మా వొల్దియా ప్రయోగశాల పెట్టే కూడు అది.
చిల్లర లెక్కపెడుతూ అడిగింది:
"మా వాళ్ళిద్దరిదీ తేలిందా?"

ఇద్దరూ ఒక్క కడుపే.
కొడుకు దెమ్సె, టెఫ్ గింజ నూర్చే కళ్ళాల్లో కూలి.
కూతురు ఎంకోయె, ఏడేళ్ళు బీరూట్‌లో
ఎవరి ఇంట్లోనో నేల తుడిచి
మొన్న వానల ముందు తిరిగొచ్చింది.
ఆమె దిగిన నెలకే అన్న నెత్తురు కక్కాడు.
వీధికి ఇంకేం సాక్ష్యం కావాలి?
విమానంలో తెచ్చిందన్నారు.
ఆమె తాగిన కాఫీ గిన్నె
అరుగు మీద విడిగా బోర్లించారు.

అడిస్ అబాబా నుంచి పట్టీలు నిన్న వచ్చాయి.
ఒక్కో క్రిమికి నలభై మూడు గళ్ళు.
ఉన్నచోట నల్లచుక్క, లేనిచోట తెలుపు.
కాస్త దూరంగా పట్టుకుని చూస్తే
మా ఆడవాళ్ళ తెల్లబట్టల అంచు నేతలా ఉంటుంది.
నేర్చుకున్న కొత్తలో నాకు మింగుడుపడని సంగతి,
ఇక్కడ ఉన్నవాటికన్నా
పోయినవాటిని చూసే చుట్టరికం కలుపుతారు.
రాలిన గడి మళ్ళీ మొలవదు.
తల్లి పోగొట్టుకున్నది
వెయ్యి తరాల తర్వాతి బిడ్డకీ ఉండదు.

దెమ్సె పట్టీలో
మొదట మూడు చుక్కలు,
ఆపైన ఇరవై ఒక్క గళ్ళ బయలు.
ఇది ఇక్కడిదే.
దీని దాయాదులు ఓడలెక్కాయి, ఒంటెలెక్కాయి,
రైలు కూసిన చోటికల్లా పాకాయి.
ఇది మాత్రం ఈ కొండలు దాటి పెద్దగా పోలేదు.
గొట్టంలోనూ బద్ధకమే,
వారాలు గడిచినా ఆవగింజంత.
పొయ్యిపొగ నిండిన ఇళ్ళలో
ఒక దగ్గు నుంచి ఇంకో దగ్గుకి
ఎన్ని వందల ఏళ్ళుగానో నడుస్తోంది, కాలినడకన.

ఎంకోయె పట్టీలో
ముప్పై నాలుగు గళ్ళు ఖాళీ.
చిట్టచివర తొమ్మిది చుక్కలు, బిక్కుబిక్కుమంటూ.
తూర్పు ఆసియా వైపు పుట్టి
ప్రపంచమంతా తిరిగిన వంశం.

సాయంత్రం వాళ్ళ గుమ్మంలో నిలబడి చెప్పాను.
"అయితే ఇది వాడికి అంటించలేదా?"
"లేదు. వాడిది ఈ ఊరిదే."
ఎతేటె పక్కింటి వైపు తిరిగి
ఆ మాటే మళ్ళీ గట్టిగా అంది.
తర్వాత గొంతు తగ్గించి,
"మరి దీనికెవరిచ్చారు?"

ఎంకోయె చాలాసేపు పలకలేదు.
"పాస్‌పోర్టు లాక్కున్నాక నన్నుంచిన గదిలో
పదకొండు మందిమి. కిటికీ లేదు.
పక్క చాప మీద ఒకామె.
ఏ దేశమో తెలీదు, ఆమె భాష నాకు రాదు,
నాది ఆమెకి రాదు.
రాత్రుళ్ళు దగ్గు తెర వస్తే
నా నిద్ర చెడుతుందని
నా దుప్పటి అంచే నోట్లో కుక్కుకునేది."

పట్టీ అడిగి తీసుకుంది.
తొమ్మిది చుక్కల మీద వేలు పోనిచ్చింది,
కుట్టు ఊడిందేమో చూస్తున్నట్టు.
"ఇంతేనా ఆమె?"
ఆమేనని పట్టీ చెప్పదు.
ఆ పదకొండు మందిలో ఎవరైనా కావచ్చు,
బస్సులో ఎవరో కావచ్చు.
అనబోయి ఆగాను.

దెమ్సె లోపల్నుంచి దగ్గాడు.
గుమ్మం దగ్గర ఆమె దగ్గింది.
చెవికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

తర్వాతి సంతకి ఎతేటె
గడ్డిలో చుట్టి ముప్పై రెండు గుడ్లిచ్చింది,
ముప్పైకే డబ్బు తీసుకుంది.
పై రెండూ ఎందుకని నేనడగలేదు.
మా వెచ్చటి పెట్టెలో, ఒకే వరసలో,
ఇద్దరి గొట్టాలూ పక్కపక్కనే ఉన్నాయి.
ఒకటి ఆబగా తింటోంది,
ఒకటి నెమ్మదిగా,
ఆ ఇంటి కోళ్ళ గుడ్లనే.