లాభం, రెండు

ఊపిరి గట్టిగా పీల్చమంటుంది ఇన్నమ్మ టీచరు.
చుట్టుగుంటలో ఎవరైనా అనే మాటేనా అది?

ఇరవయ్యారేళ్లుగా మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
గాలిని దొంగతనంగా తీసుకోవడం నేర్చాను,
కండువా చాటున, చిన్న చిన్న గుక్కల్లో,
ముక్కుకి కూడా తెలియకుండా.
తేజ టిక్కీ దబ్బున పడితే
లేస్తుంది చూశారూ ఎర్రటి దుమ్ము,
అది తలుపు తట్టి రాదు.
యార్డులో తుమ్మేవాడు కొత్తవాడు.
దగ్గేవాడు పాతవాడు.

ఛాతీ ఫొటో వెలుగుకి పట్టుకుని
డాక్టరు గారు చాలాసేపు ఏమీ అనలేదు.
మందులు రాసి, చీటీ అడుగున
ప్రాణాయామం అని కూడా రాశారు.
మందుల షాపు కుర్రాడు
అది స్టాకు లేదన్నాడు.

అందుకని ఇప్పుడు తెల్లారగట్ల ఐదింటికి
ఏటుకూరు రోడ్డు మున్సిపల్ స్కూల్లో మూడో తరగతి గది.
గోడ మీద గుణింతాలు, నేల మీద మేం పదకొండు మందిమి.
నాది గోనె పట్టా. రెండుసార్లు ఉతికినా ఘాటు పోలేదు.
మొదటి రోజే పక్కాయన
శవాసనంలో తుమ్మాడు.

యోగం అంటే కలపడం అంది టీచరు.
కలపడం మాకు తెలియని విద్యా!
నిరుటి సరుకు ఈ ఏటి సరుకులో,
పైన మేలిరకం, అడుగున తాలు.
ఆ మాటే అన్నాను. ఆమె నవ్వలేదు.
"కలిశాక మళ్లీ ఏరలేనట్టు కలవాలి నాయనా,
నువ్వూ నీ ఊపిరీ."

కళ్లు మూస్తే నాకు చీకటి రాదు. రేట్లొస్తాయి.
తేమ ఎంత, తాలు ఎంత, ఏసీ సరుకు ఎంత.
మనసు కోతి అంటారు గానీ
నాది హమాలీ.
మోసిందే మోస్తుంది.
దించరా అంటే, ఎక్కడ దించమంటారు అని నిలబడుతుంది.
దాని వీపు మీద ఇప్పుడు
క్రోసూరు కౌలు రైతు నాగూర్ వలి టిక్కీలు.
టిక్కీకి కిలో తరుగు రాసింది నా చెయ్యి.
అతను కాటా అంకెల్ని చూడలేదు,
నన్ను చూశాడు.

పది దాకా లెక్కపెట్టు, తప్పితే మళ్లీ మొదట్నుంచి, అంది టీచరు.
లెక్కా! అదే కదా నా కూడు.
మా తాత కల్లంలో, మా నాన్న గోడౌన్లో
ఒకటి అని ఎన్నడూ అనలేదు.
మొదటిది లాభం.
ఏడు నోట రానివ్వం, ఏడుపు వెంటొస్తుందని;
ఆరున్నొకటి.
అలాగే పెట్టాను ఊపిరికి కూడా.
లాభం, రెండు, మూడు,
నాలుగు దగ్గర దగ్గు.
లాభం, రెండు,
మూడు దగ్గర వలి.
లాభం.
నెల గడిచింది. ఎన్నిసార్లు తప్పానో
అన్నిసార్లూ లాభమే.
నా సర్వీసులో ఇలాంటి పద్దు చూడలేదు.

యార్డు రేకుల షెడ్డు కింద సైదాబీ తొడిమలు తీస్తుంది.
చేతులకి ఆముదం పూసుకుని పొద్దున కూర్చుంటే
మధ్యాహ్నం దాకా చూపు చెదరదు.
ఒక కాయ, ఒక తొడిమ. ఒక కాయ, ఒక తొడిమ.
ఆమెనెవరూ పట్టా పరిచి కూర్చోబెట్టలేదు,
కిలోకింత అని కూర్చోబెట్టారు.
దాన్ని ధ్యానం అనడానికి నాకు నోరు రాలేదు.
ఏం ఆలోచిస్తావమ్మా అని మాత్రం అడిగాను.
"ఆలోచిస్తే
కన్ను నలుపుకుంటా బాబూ" అంది.

ఇవాళ ఆరున్నొకటి దాకా వెళ్లాను.
బయట మొదటి లారీ హారన్ కొట్టింది,
లెక్క పోయింది.
కళ్లు తెరవలేదు.

పదిన్నరకి నాగూర్ వలి మళ్లీ వచ్చాడు,
ఇరవై రెండు టిక్కీలతో.
చిట్టీలో తరుగు గడి దగ్గర పెన్ను ఆగింది.
ఆ ఎర్రగాలే, కండువా తీసేసి,
నిండా లోపలికి, నిండా బయటికి
ఒక్కసారి.
గుండె మండింది. వెనక వరసలో ఎవరో
ఏందయ్యా నిద్రా అని కేకేశారు.

రాశాను.
ఎంత రాశానో మీకెందుకు,
వలికి తెలుసు.