ఫిట్‌నెస్ కాగితం

పొద్దున ఎనిమిదికల్లా ఒక పేజీ కావాలన్నాడు ముదీర్.
"ఆ కంపెనీ ఇంకో అయిదేళ్ళు బతుకుతుందా?
నువ్వు చెప్పు, నేను సంతకం పెడతా."
అడిగింది మనిషి గురించి కాదు.
మా హాజరు, మా జీతం, మా సెలవులు
కడుపులో దాచుకున్న సాఫ్ట్‌వేర్ గురించి.

షువైఖ్‌లో రాత్రి. ఏసీ కింద బకెట్టు.
చుక్క పడ్డప్పుడల్లా
వాళ్ళ వార్షిక నివేదికలో ఒక పేజీ తిప్పుతున్నాను.
అప్పు గోరంత.
చేతిలో రొక్కం, సున్నాలు లెక్కపెడుతూ
రెండుసార్లు తప్పిపోయాను.
విడిచిపోయే ఖాతాదారులు నూటికి ఇద్దరట.
పోయి ఎక్కడికి పోతారు?
ఆ మాట అందులో లేదు.
'విధేయత' అని ఉంది.

చెన్నైలో నా మెడికల్ గుర్తొచ్చింది.
చొక్కా విప్పించి, చల్లటి పలకకి రొమ్ము ఆనించి
ఊపిరి బిగబట్టమన్నారు.
ఎప్పటి దగ్గుదో మచ్చ కనబడిందని
నా ముందువాడి కాగితం మీద అన్‌ఫిట్ అని గుద్దారు.
వాడు కాగితం తిరగేసి చూశాడు,
వెనక ఇంకేమన్నా రాశారేమోనని.

ఈ కంపెనీని ఊపిరి బిగబట్టమని ఎవరంటారు?
ఆడిటర్లు చివర్లో ఒప్పుకున్నారు:
మాకు చూపించినంతవరకు బాగానే ఉంది.

మార్చిలో, జీతాల గురువారం, అది ఆగిపోయింది.
తెర మీద చిన్న చక్రం.
నాలుగొందల పన్నెండు మంది జీతాలు
ఆ చక్రం వెనకాల నిలబడ్డాయి.
పెంచలయ్య మూడుసార్లు కిటికీలోంచి తొంగిచూశాడు.
"తిరుగుతానే ఉండాదా సార్?"
"తిరుగుతానే ఉంది."
"గానుగైతే ఈపాటికి నూనెన్నా దిగును."
ఆదివారం డబ్బు పడింది. క్షమాపణా వచ్చింది,
పేరుండాల్సిన చోట ఖాళీతో.
వాళ్ళ ఆ మూణ్ణెల్ల లెక్కల్లో
మా మూడు రోజులు ఎంత వెతికినా దొరకలేదు.
లాభం వెంట్రుకవాసి కదల్లేదు.

ఇదంతా రాద్దామనే కూర్చున్నా.

కానీ దీనికి ముందొకటి వాడేవాళ్ళం.
హవల్లీలో రెండు గదుల ఆఫీసు, మంచి కుర్రాళ్ళు,
పిలిస్తే చాయ్ చల్లారేలోపు వచ్చేవాళ్ళు.
ఒక రంజాన్ వెళ్ళాక చూస్తే తలుపుకి తాళం.
వాళ్ళతోపాటే పోయాయి
పెంచలయ్య పదకొండేళ్ళు.
పాత సర్వీసుకి రుజువేదంటే
వేళ్ళు చాపి చూపించాడు.
కుడిచేతికి నాలుగే ఉన్నాయి.

అందుకే సిగ్గు విడిచి చెబుతున్నా,
ఆ కంపెనీ చల్లగా ఉండాలి.
నా పేరు పలకడం రాని వాళ్ళని
నిండు నూరేళ్ళని దీవిస్తున్నా.
వాళ్ళకి జలుబు చేస్తే
మా గ్రాట్యుటీ తుమ్ముతుంది.
ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు అనేది మా జేజి.
ఎవరి మీద పడుకుంటుందో ఆమె చెప్పలేదు.

రాసేశాను: ఫిట్.
కింద ఇంకో వాక్యం రాసి, కొట్టేసి,
మళ్ళీ రాశాను:
'మనం దాన్ని నమ్మడం లేదు, దానిలో ఇరుక్కున్నాం.'
ముదీర్ ఎట్లాగూ మొదటి వరుసే చదువుతాడు.

ఇప్పుడు అతను అడగని పని ఒకటి చేస్తున్నా.
నాలుగొందల పన్నెండు పేర్లు,
ఒక్కొక్కరు పనిచేసిన రోజులు,
కాగితాల మీదికి దించుతున్నా.
ప్రింటర్ మూలుగుతోంది. సిరా పలచబడుతోంది.
'ప' అక్షరం దాకా వస్తే చాలు అనుకుంటూ
నా పేరు 'వ'తో మొదలవుతుందని మర్చిపోయాను.

బకెట్టు నిండింది.
పారబోసి వస్తాను.