కాటా ముల్లు

లాలాపేటలో నాది మైకుసెట్ల షాపు.
పెళ్ళికి, ఎన్నికకి, పెద్దకర్మకి ఒకటే రేటు.
ఈ స్టాండప్పు పిల్లల దగ్గర మాత్రం సగమే తీసుకుంటాను.
ఒక మైకు, ఒక బాక్సు. మోత తక్కువ.

నాగుల్ మీరా నాకు అట్లా పరిచయం.
పేరు చెప్పగానే తనే అనేవాడు,
"సగం పుట్ట, సగం దర్గా.
పాలు పోసినా తాగుతా, చక్కెర పంచినా తింటా."
మొదటి షో బ్రాడీపేట నాలుగో లైన్లో, టీకొట్టు మేడ మీద.
పదకొండు మంది. అందులో నలుగురు
ఫోను ఛార్జింగు పెట్టుకోడానికి ఎక్కినోళ్ళు.
విమానం మీద జోకు వేశాడు.
వాడు విమానం ఎక్కలేదు, విన్నవాళ్ళూ ఎక్కలేదు.
నా బాక్సు గుయ్యిమంటే వచ్చినంత నవ్వు కూడా
వాడికి రాలేదు.

అప్పుడు కరెంటు పోయింది.
చీకట్లో, మైకు లేకుండా, ఏం చెయ్యాలో తెలీక
వాళ్ళ నాన్న సంగతి ఎత్తుకున్నాడు.

"మా నాన్న కరీముల్లా. మిర్చియార్డులో కాటా గుమస్తా.
ఊళ్ళో ఎవరన్నా తుమ్మితే ఆగి,
మంచినీళ్ళు తాగి బయల్దేరతారు కదా.
యార్డులో తుమ్ముకి ఆగితే
మా తాత పెళ్ళినాడు ఎత్తిన లారీ
ఇంకా చుట్టుగుంట దాటి ఉండదు.
అట్లాంటి చోట ముప్పై ఏళ్ళు
మా నాన్న ఒక్కసారి తుమ్మలేదు.
రిటైరైన మర్నాడు అమ్మ పప్పుకి తాలింపు వేసింది.
ముప్పై ఏళ్ళవీ వరసపెట్టి తుమ్మాడు,
వడ్డీతో సహా."

కరెంటొచ్చేసరికి పదకొండు మందీ కళ్ళు తుడుచుకుంటున్నారు.
మా ఊళ్ళో నవ్వుకీ ఘాటుకీ ఒకటే నీళ్ళు.

ఆ తాలింపే వాణ్ణి ఊళ్ళు తిప్పింది.
లబ్బీపేట, విశాఖ, హైదరాబాదు.
ఏదో సిమెంటు కంపెనీ డీలర్ల మీటింగులో
బిర్యానీకీ ఐస్‌క్రీముకీ మధ్య పన్నెండు నిమిషాలు.
"యాస కొంచెం తగ్గించండి" అన్నాడొక మేనేజరు.
తగ్గించాడు. కథ కూడా తగ్గిపోయింది.
ఇంటికొచ్చి రెండూ పెంచాడు.
తుమ్ములూ పెరిగాయి,
ఒంగోల్లో నలభై, చిలకలూరిపేటలో రెండొందలు,
తుమ్ము తుమ్ముకీ ఇంటి మీద పెంకు ఒకటి లేచేది.
నేనేం అనలేదు.
బాక్సు పని వినిపించడం, తూకం వెయ్యడం కాదు.

రంజాను వెళ్ళిన వారం, గుంటూర్లోనే షో.
వాళ్ళమ్మ మాబున్నీ మొదటిసారి వచ్చింది.
ముందు వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని.
హాలంతా ఊగిపోతుంటే ఆమె ఒక్కతే
కొట్టువాడు తప్పు లెక్క చదువుతున్నట్టు వింది.

తర్వాత నేను వైర్లు చుడుతున్నాను.
"తుమ్మేవాడ్రా. రోజూ తుమ్మేవాడు.
ఇంటికొచ్చి, పెరట్లో, కుళాయి తిప్పుకుని.
కాటా దగ్గిర తుమ్మితే ముల్లు అదురుద్దంట.
ముల్లు అదిరాక రైతు మొహం
ఎట్టా చూసేది అనేవాడు."
సంచి జిప్పు లాగింది.
"అయినా బాగానే చెప్పావులే.
తాలింపు మాత్రం పప్పుకి కాదు, చారుకి."

రెండు నెలలు వాడు షో ఒప్పుకోలేదు.
ఫోను చేస్తే, గొంతు బాలేదు అన్నాడు.
గొంతులు నాకు తెలుసు. బాగానే ఉంది.

చివరికి తెనాలిలో చెప్పాడు.
చారు చెప్పాడు, పెరడు చెప్పాడు, కుళాయి చెప్పాడు.
ముల్లు దగ్గర ఎవరూ నవ్వలేదు,
నవ్వించాలని వాడూ చూడలేదు.
నేను మిక్సరు మీంచి చెయ్యి తీసేశాను.

వెనక కుర్చీల్లో ఎవరో
హాచ్చని తుమ్మారు.

నాగుల్ మీరా చెయ్యెత్తాడు.
"ఆగుదాం" అన్నాడు.
స్టూలు మీది సీసా మూత తీసి,
గుక్కెడు నీళ్ళు తాగి,
మూత బిగించి,
మళ్ళీ మొదలెట్టాడు.