గీత కుంగిన మూడు రోజులు

ఊరి చివర, చమురు పీపాల వెనక,
నా గుడిసెలో ఒక సూది ఉంది.
నాదంటే నాది కాదు, దక్షిణాన చదువుకున్నవాళ్లది.
కాగితం చుట్ట మార్చడం, తారీఖు వేయడం,
సిరా గడ్డకట్టకుండా చూడడం నా కొలువు.
చుక్కల మధ్య నుంచి ఎప్పుడూ ఒక హోరు వస్తుందట,
ఎవరూ అనని మాట.
సూది దాన్ని గీస్తుంది.
రోజుకో అల, అంతే.

మార్చిలో ఒక మధ్యాహ్నం
గీత కుంగింది.
సూది విరగలేదు, తీగ తెగలేదు, ఎలుగు రాలేదు.
కాగితం అడుక్కి జారి
అక్కడే పాకుతోంది,
జ్వరమొచ్చిన పిల్లాడు పక్క దిగనట్టు.

బయట, కడిగిన పళ్లెంలా ఆకాశం.
రంగుల వెలుగులు మాకు దక్షిణాన, ఎక్కడో కింద;
వాటిని చూసి ఈల వేయొద్దని
పిల్లల్ని కసిరే పని కూడా పడలేదు.
విమానాలకు పైన, చుక్కలకు చాలా కింద
సూర్యుడు విసిరిన పిడికెడు నుసి
గాలిని చీల్చి చీల్చి
మాటలు తాగే పొర పరుస్తోందని
కాగితం తప్ప ఎవరూ చెప్పరు.
మాట ఇంకా పైకెళ్లి, తగిలి, కిందికి దిగాలి.
దారిలోనే ఇంకిపోతోంది
ఇసుకలో నీళ్లలా.

ఆరింటికి కౌనక్ రేడియో ముందు కూర్చుంటుంది,
ఒళ్లో సగం కుట్టిన సీల్ తోలు బూటు.
మంచు మీది విడిదుల్ని పేరు పేరునా పిలుస్తుంది.
ఎన్ని సీళ్లు, ఏ పగులు వెడల్పయింది,
ఎవరి కుక్క ఈనింది, చక్కెర ఉందా.
ఎన్నేళ్లుగానో ఆ బరబరలోంచే
ముళ్లలోంచి చేప కండలా
మనుషుల్ని ఏరుకుంది.
ఆ సాయంత్రం బరబరే లేదు.
"చెడిపోతే గోల చేస్తుంది కదా," అంది,
"ఇది గోల కూడా చేయడం లేదు."

కాగితం చించి తీసుకెళ్లాను.
"విడిదికేం కాలేదు కౌనక్, గీత కుంగింది."
బొటనవేలితో మెల్లగా తడిమింది, ఆ చివర నుంచి ఈ చివరకి.
"ఇందులో ఉయారక్ ఎక్కడున్నాడు?"

నా దగ్గర జవాబు లేదు.
ఆకాశం మూగబోయిన రోజునే
మంచు విరగకూడదని ఎక్కడా రాసిలేదు.

రెండో రాత్రీ పిలిచింది.
ప్రతి పేరు తర్వాత
మనిషి గొంతు సవరించుకుని బదులిచ్చేంత జాగా వదిలింది.
ఉయారక్ దగ్గర కొంచెం ఎక్కువ వదిలింది.
తమ్ముడికి నత్తి.

మూడో రాత్రి, టీ చల్లారాక,
ముందు హోరు వచ్చింది.
వాన మొదలైనట్టు, దూరంగా, పలచగా.
కౌనక్ సూది కింద పెట్టింది.
నేను ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకున్నాను.

"అ... అక్కా,
ఎక్కడ చచ్చావ్ మూడు రోజులూ?"

ఆమె తిట్టింది. ఎంత తిట్టిందంటే
మిగతా విడిదులన్నీ విని నవ్వాయి.
అతను అంతా విన్నాడు.
నాలుగు సీళ్లు, అన్నాడు. పగులు పెరగలేదు, అన్నాడు.
నిన్ను పిలిచి పిలిచి
బ్యాటరీ అడుగంటింది,
ఈసారి రెండు పంపు.