ఉంగరం వేలు

పత్థర్‌గట్టీ మేడమీది గదిలో
మొదటి రోజు నాకు ముత్యం ఇవ్వలేదు.
అరచేయి బల్లమీద బోర్లించమంది జైబున్ బీ.
"ఉంగరం వేలొక్కటే లేపు, అండాలూ."

లేపితే చిటికెన వేలూ వెంట లేచింది,
పిలవకున్నా పెళ్ళికి బయల్దేరిన చుట్టంలా.
దాన్ని అదిమితే నడిమి వేలు.
చూపుడు వేలు మాత్రం ఎక్కడిదక్కడే,
తనకేం సంబంధం లేనట్టు.

ఆమె తన చేయి పక్కన పెట్టింది.
ఉంగరం వేలొక్కటే లేచింది,
పడుకున్న నలుగురి మధ్య నుంచి
చప్పుడు కాకుండా లేచే పెద్దక్కలా.

ఆ రోజంతా నాకదే పిచ్చి.
చాయ్ తెచ్చిన ఇలియాస్ లేపాడు, రెండు చేతులవీ, నవ్వుతూ.
సేఠ్‌కి లేవలేదు; మూడు ఉంగరాల బరువన్నాడు.
మెట్ల కింద గడియారాల నర్సింగ్‌రావుకి
ఎడమది లేస్తుంది, కుడిది లేవదు.
రాత్రి అంబర్‌పేట బస్సులో
కడ్డీ పట్టుకున్న వేళ్ళన్నీ చూసుకుంటూ పోయాను.
ఎవరి చేతిలో ఏ వేలికి సొంత తలుపుందో
బయటికేం తెలుస్తుంది.

మూడు నెలలు ముడి నేర్చుకున్నాను.
ముత్యానికీ ముత్యానికీ నడుమ పట్టుదారం ముడి,
సూదిమొనతో నెడితే ముత్యాన్ని ఆనుకోవాలి.
నాది నువ్వుగింజంత దూరంలోనే బిగిసిపోయేది.
విప్పడం. దారం పీచు లేవడం. మళ్ళీ.
"తొందరేం లేదు బేటీ" అనేది.
కోప్పడేది కాదు. అదే కష్టంగా ఉండేది.

నన్ను తూకానికి మార్చారు, రసీదులకి.
ఆమె కళ్ళు మూసుకుని ముడేసేది,
మాట్లాడుతూ, దగ్గుతూ, ఒకసారి ఏడుస్తూ కూడా.
ముడి మాత్రం ముత్యాన్ని ఆనుకునే ఉండేది.

పోయిన నెల రేషన్ దుకాణంలో
ఇద్దరం వరసలో నిలబడ్డాం.
నా మొద్దు వేలిని మిషన్ ఒక్కసారికే గుర్తుపట్టింది.
ఆమె బొటనవేలు పెట్టింది. చూపుడు వేలు.
దుపట్టాతో తుడిచి, నోటితో ఊది,
పదీ పెట్టింది.
నలభై ఏళ్ళ పట్టుదారం
గీతలన్నిటినీ నునుపు చేసి వదిలింది.
"ఈ వేళ్ళు పడ్తలేవు పెద్దమ్మా,
జర పక్కకు నిలబడు."

వాపసు వస్తూ మూసారాంబాగ్ వంతెన మీద
నా చేయి తీసుకుని వేలికొసలు తడిమింది.
"ఎంత గరుకుగా ఉన్నాయే" అంది,
మెచ్చుకున్నట్టే.
నేనామె చేయి పట్టుకోబోయాను.
నా వేళ్ళు నాలుగూ
ఒకేసారి ముడుచుకున్నాయి.